బంధువుల మధ్య దత్తత: ఇచ్చేవాళ్ల సంతకం దగ్గరే అసలు సంగతి

అక్క కొడుకును మేనమామ సాదుకోవడం, తల్లిదండ్రులు పోయిన మనుమరాలిని అమ్మమ్మ తాతలు పెంచడం, మారుమనువు చేసుకున్న తల్లి వెంట వచ్చిన బిడ్డ కొత్త ఇంట్లో పెరగడం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నవే. ఊరంతటికీ తెలిసిన సంగతికి కాగితం ఎందుకని చాలా కుటుంబాలు అనుకుంటాయి. బడిలో పేరు రాయించేటప్పుడు సాదుకున్నవాళ్ల పేర్లే తల్లిదండ్రులుగా చెప్పేస్తారు, పని జరిగిపోతుంది. చిక్కు తర్వాత బయటపడుతుంది: పదో తరగతి మెమోలో తండ్రి పేరు దగ్గర, కులం సర్టిఫికెట్ దగ్గర, చివరికి సాదుకున్న తండ్రి చనిపోయాక భూమి విరాసత్, అంటే వారసుల పేరున మార్పు, దగ్గర. బిడ్డగా పెరిగిన మనిషి తహసీల్ ఆఫీసుకు వెళ్లేసరికి పాలోళ్లు అభ్యంతరం రాసి ఇచ్చి ఉంటారు. ఇచ్చిన కన్నతల్లిదండ్రులు అప్పటికి బతికి ఉండకపోవచ్చు. ఉన్నా, వాళ్ల మిగతా పిల్లల ఒత్తిడితో మాట మారవచ్చు.

ఇంటి మనుషుల మధ్య దత్తతలు కోర్టులో వీగిపోయే కేసులు చూస్తే లోపం తరచూ ఒకే చోట కనిపిస్తుంది. ఎవరు తీసుకున్నారో కాగితంలో వివరంగా ఉంటుంది. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, రెండు వైపుల ఆలుమగలు నలుగురూ ఒప్పుకున్నారా అన్నది మాత్రం ఉండదు. కాబట్టి దత్తత కాగితం రాయించే ముందు ఆలోచించాల్సింది ఇచ్చేవాళ్ల గురించి. ఇంకా ముందు తేల్చుకోవాల్సింది ఏ చట్టం వర్తిస్తుందన్నది.

ఏ చట్టం, ఏ వయసు

హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఉంది. దీని కింద దత్తతకు కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఇచ్చేవాళ్లు ఇచ్చి, తీసుకునేవాళ్లు తీసుకుంటే దత్తత పూర్తవుతుంది, దస్తావేజు దానికి రుజువు. ముస్లింలు, క్రైస్తవులతో సహా ఏ మతం వారికైనా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద దారి ఉంది. మతంతో పని లేకుండా ఎవరైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని, 2015కు ముందున్న పాత చట్టం అమల్లో ఉండగానే, 2014 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హిందువులు కూడా కావాలనుకుంటే ఈ రెండో దారిలో వెళ్లవచ్చు.

దక్షిణ తెలంగాణలో తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. 1956 చట్టంలోని రెండో సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు తండాల్లోని లంబాడీలు, నల్లమలలోని చెంచులు షెడ్యూల్డ్ తెగల వారే. లంబాడీ కుటుంబం దత్తత దస్తావేజు రాయించుకుని రిజిస్టర్ చేయించుకున్నా, రేపు ఎవరైనా సవాలు చేస్తే 1956 చట్టం ఇచ్చే రక్షణ ఆ దస్తావేజుకు దొరకదు. తమ తెగలో దత్తత ఆచారం ఉందని విడిగా సాక్ష్యంతో నిరూపించుకోవాల్సి వస్తుంది. ఇలాంటి కుటుంబాలకు కలెక్టర్ ఉత్తర్వు వచ్చే జువెనైల్ జస్టిస్ చట్టం దారే భద్రం. ఖర్చు తక్కువని దస్తావేజుతో సరిపెట్టడం వాళ్ల విషయంలో పెద్ద పొరపాటు.

ఇక వయసు. 1956 చట్టం కింద బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు. ఆచారం అనుమతిస్తే తప్ప ఈ రెండింటికీ మినహాయింపు లేదు. జువెనైల్ జస్టిస్ చట్టంలో 18 ఏళ్ల లోపు వారంతా పిల్లలే. అంటే 16 ఏళ్ల మేనల్లుడికి దస్తావేజు దారి మూసుకుపోయినా కలెక్టర్ దారి ఇంకా తెరిచే ఉంటుంది. కుటుంబాలు ఈ సంగతి తెలియక 15 దాటిన బిడ్డకు పాత తేదీ వేసి దస్తావేజు రాయిస్తుంటాయి. ఆ తేదీనాటి బడి రిజిస్టర్‌లో కన్నతండ్రి పేరే ఉంటుంది కాబట్టి అబద్ధం సులువుగా దొరుకుతుంది, దానితో నిజమైన దత్తత కూడా అనుమానంలో పడుతుంది.

1956 చట్టం కింద అడ్డొచ్చే షరతులు

కొడుకును దత్తత తీసుకోవాలంటే తీసుకునేవాళ్లకు బతికి ఉన్న కొడుకు, కొడుకు కొడుకు, ఆ మనుమడి కొడుకు ఉండకూడదు. కూతుర్ని తీసుకోవాలంటే కూతురు గానీ కొడుకు కూతురు గానీ ఉండకూడదు. కూతురు బిడ్డలు ఉన్నా అడ్డు కాదు. ఇద్దరు ఆడపిల్లలున్న దంపతులు చెల్లెలి కొడుకును తీసుకోవచ్చు, కానీ చెల్లెలి కూతుర్ని తీసుకోలేరు. మగవాడు ఆడపిల్లను తీసుకున్నా, ఆడమనిషి మగపిల్లవాడిని తీసుకున్నా వయసు తేడా కనీసం 21 ఏళ్లు ఉండాలి. ఒకే బిడ్డను ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకేసారి తీసుకోలేరు. ఒకసారి దత్తత వెళ్లిన బిడ్డను మళ్లీ దత్తత ఇవ్వడానికి లేదు. దత్తహోమం తప్పనిసరి కాదని చట్టమే చెబుతోంది కాబట్టి పురోహితుడి రసీదు లేదని కంగారు పడక్కర్లేదు.

భార్య ఉన్న మగవాడు ఆమె సమ్మతి లేకుండా దత్తత తీసుకోలేడు. 2010 సవరణ తర్వాత పెళ్లయిన స్త్రీ కూడా భర్త సమ్మతితో తానే దత్తత తీసుకోవచ్చు. భార్య అక్కడే కూర్చుని ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్య సమ్మతి, ఇచ్చి పుచ్చుకోవడం అన్న రెండింటినీ రుజువు చేయకపోతే ఎన్నేళ్లు పెంచినా దత్తత నిలవదని 2020 మార్చిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులో మళ్లీ తేల్చింది. ఆ కేసులో బిడ్డను పెంచిన మాట నిజమే, రికార్డుల్లో పేర్లు ఉన్న మాటా నిజమే. అవి చాలలేదు.

ఇచ్చేవాళ్ల సంతకాలు

బిడ్డను ఇచ్చే హక్కు తల్లికీ తండ్రికీ సమానం, కానీ ఒకరు ఇస్తే రెండోవారు ఒప్పుకోవాలి. రెండోవారు సన్యసించినా, మతం మారినా, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించినా తప్ప ఈ సమ్మతికి మినహాయింపు లేదు. ‘నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు’, ‘తాగి తిరుగుతున్నాడు’, ‘బొంబాయి వలసపోయి ఫోన్ ఎత్తడం లేదు’ అన్నవి ఈ జాబితాలో లేవు. పాలమూరు వైపు నిజంగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. అలాంటి తండ్రి సంతకం లేకుండా రాసిన దస్తావేజు మొదటి రోజు నుంచే బలహీనం. అతను దొరికి ఒప్పుకుంటే స్వయంగా రావాలి. రాలేకపోతే తన తరఫున బిడ్డను అప్పగించడానికి ఒకరికి ప్రత్యేక అధికార పత్రం ఇవ్వవచ్చు, ఎందుకంటే తల్లిదండ్రుల అధికారంతో వేరొకరు చేతికందించినా చెల్లుతుందని చట్టం అంటోంది. నిర్ణయం మాత్రం అతనిదే అయి ఉండాలి, అది ఆ పత్రంలో బిడ్డ పేరు, తీసుకునేవాళ్ల పేర్లతో సహా కనిపించాలి.

తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయినప్పుడు తాతయ్యో చిన్నాయనో ‘మేమే ఇస్తున్నాం’ అని సంతకం చేస్తే చాలదు. అప్పుడు ఇచ్చే అధికారం సంరక్షకుడిది, అదీ కోర్టు ముందస్తు అనుమతితో. బిడ్డ సాధారణంగా ఉండే ప్రాంతపు జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. బిడ్డ మేలు, వయసును బట్టి బిడ్డ ఇష్టం, ఎక్కడా డబ్బు చేతులు మారలేదన్న సంగతి చూశాకే కోర్టు అనుమతిస్తుంది. అనుమతి లేకుండా అమ్మమ్మ రాసిచ్చిన దస్తావేజు ఎంత మంది పెద్దమనుషుల సంతకాలతో ఉన్నా ప్రయోజనం లేదు. ఇంకో చిక్కు, సంరక్షకులైన తాతలే స్వయంగా దత్తత తీసుకుంటే ఇచ్చేదీ తీసుకునేదీ వాళ్లే అవుతారు; చట్టం దీన్ని కాదనదు, కానీ కోర్టు అనుమతి అప్పుడూ తప్పదు. బిడ్డ చదువు, బ్యాంకు ఖాతా, పింఛను వంటివే అవసరమైతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకత్వ ఉత్తర్వు తెచ్చుకోవడం తేలిక. అది 18 ఏళ్ల వరకే ఉంటుంది, తల్లిదండ్రుల పేర్లు మారవు, కన్నవాళ్ల ఆస్తిలో బిడ్డ హక్కూ చెదరదు. చాలా మంది తాతలకు నిజంగా కావాల్సింది అదే.

దస్తావేజులో ఏం ఉండాలి

వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాసి నోటరీ స్టాంపు వేయించిన కాగితాన్ని చాలామంది ‘రిజిస్ట్రేషన్ అయింది’ అనుకుంటారు. నోటరీ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. 1956 చట్టం 16వ సెక్షన్ ప్రకారం, చట్టం కింద రిజిస్టరై, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ సంతకం చేసిన దస్తావేజు ఉంటే, దత్తత చట్టప్రకారం జరిగిందనే కోర్టు మొదట భావిస్తుంది. కాదని నిరూపించే భారం ఎదుటివాళ్లది. తీసుకున్నవాళ్లు మాత్రమే ‘మేము దత్తత తీసుకున్నాం’ అని ఏకపక్షంగా రాసి రిజిస్టర్ చేయించిన దస్తావేజుకు ఈ బలం ఉండదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల బయట రాసే పత్రాల్లో ఈ లోపం తరచూ కనిపిస్తుంది.

అసలు వాక్యం ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీ ఉదయం ఫలానా గ్రామంలోని మా ఇంట్లో, ఈ దస్తావేజులో సంతకాలు చేసిన సాక్షుల ఎదుట, మొదటి పక్షం వారమైన మేమిద్దరం మా కుమారుణ్ణి మా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, డబ్బు గానీ మరే ప్రతిఫలం గానీ తీసుకోకుండా రెండో పక్షం వారి ఒడిలో పెట్టి దత్తత ఇచ్చాము. రెండో పక్షం వారమైన మేమిద్దరం ఒకరి సమ్మతితో ఒకరం దత్తత స్వీకరించాము.’ ఇక్కడ ‘ఇచ్చాము’, ‘స్వీకరించాము’ అన్న భూతకాలం చాలా ముఖ్యం. ‘ఇవ్వడానికి అంగీకరించాము’ అనో ‘ఇవ్వగలము’ అనో రాస్తే అది ఒప్పందం మాత్రమే అవుతుంది, దత్తత కాదు. ఇంట్లో నలుగురి మధ్య బిడ్డను ఒడిలో పెట్టి, ఫొటోలు తీసి, ఆ తర్వాత దస్తావేజు రాయించడం సరైన వరుస.

మిగతా వాక్యాలు షరతులకు ఒక్కొక్క జవాబుగా ఉండాలి. రెండు దంపతుల పెళ్లి వివరాలు, మతం, బిడ్డ పుట్టిన తేదీ, ఇంతకు ముందు దత్తత పోలేదన్న మాట, పెళ్లి కాలేదన్న మాట, తీసుకునేవాళ్లకు కొడుకు, మనుమడు, మునిమనుమడు లేరన్న మాట, అవసరమైన చోట వయసు తేడా. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే, ‘చదివి వినిపించగా అర్థం చేసుకుని వేసిన వేలిముద్ర’ అని రాసి చదివి వినిపించినవాళ్ల సంతకం తీసుకోవాలి. సాక్షులు ఇద్దరైనా ఉండాలి. వాళ్లు బిడ్డను ఇచ్చి పుచ్చుకున్నప్పుడు అక్కడ ఉన్నవాళ్లైతే మేలు, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత కోర్టుకు రావాల్సింది వాళ్లే. ముసలివాళ్లిద్దరినే సాక్షులుగా పెట్టుకోవడం తెలివైన పని కాదు, ఒకరైనా నడివయసు వారు ఉండాలి.

డబ్బు ప్రస్తావన ఏ రూపంలోనూ రాకూడదు. ‘బిడ్డ పెంపకం ఖర్చు కింద ఇరవై వేలు ఇచ్చాము’ అన్న ఒక్క వాక్యం మొత్తాన్ని చెడగొడుతుంది. దత్తతకు ప్రతిఫలం తీసుకుంటే 1956 చట్టం 17వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. బిడ్డను అమ్మినట్టు తేలితే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి ఆడశిశువుల అమ్మకాలు 1999–2001 మధ్య దేశమంతా వార్తలయ్యాయి. ఈ ప్రాంతంలో అధికారులు డబ్బు మాట చూసి ఉలిక్కిపడటానికి కారణం ఉంది, అది సబబే.

ఆస్తి పంపకాన్ని కూడా అదే దస్తావేజులో కలపకూడదు. దత్తత దస్తావేజుకు స్టాంపు సుంకం ఆస్తి విలువను బట్టి ఉండదు. ‘మా 3 ఎకరాలు ఇతనికే’ అని చేరిస్తే అది దాన పత్రం కూడా అవుతుంది, సుంకం లెక్క మారుతుంది, పని ఆగుతుంది. రాసిన రోజు నుంచి నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి. దాటితే ఇంకో నాలుగు నెలల వరకు జరిమానాతో కుదురుతుంది, ఆ తర్వాత కుదరదు.

పేర్లు, తేదీలు తేడా రావడం మామూలు. ఆధార్‌లో ‘లక్ష్మమ్మ’, ఓటరు కార్డులో ‘లచ్చమ్మ’ ఉంటే ‘లక్ష్మమ్మ ఉరఫ్ లచ్చమ్మ’ అని రాసి సరిపెట్టవచ్చు. బిడ్డ పుట్టిన తేదీ తేడాను మాత్రం వదిలేయకూడదు, 15 ఏళ్ల షరతు దాని మీదే ఆధారపడి ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన తర్వాత ఇంకో గందరగోళం వచ్చింది. బిడ్డ జనన పత్రంలో మహబూబ్‌నగర్ జిల్లా ఉంటే, తల్లి ఆధార్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి లేదా జోగులాంబ గద్వాల ఉంటుంది. 2019లో ఏర్పడిన నారాయణపేట సంగతీ అంతే. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వైపు వారికి నల్లగొండతో ఇదే తంటా. ‘పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా, ప్రస్తుత వనపర్తి జిల్లా’ అని రెండూ రాస్తే తర్వాత ప్రశ్నలు రావు.

మారుతండ్రి, మారుతల్లి

తండ్రి చనిపోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే, బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే. ఆమె బిడ్డను కొత్త భర్తకు దత్తత ఇవ్వవచ్చు, ఇంటిపేరు కూడా నిర్ణయించవచ్చు. ఒక తెలుగు కుటుంబం కేసులో మారుతండ్రిని రికార్డుల్లో ‘మారుతండ్రి’ అనే చూపాలని హైకోర్టు చెప్పగా, 2022 జూలై 28న సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అలా రాయించడం బిడ్డ మనసును గాయపరుస్తుందన్న ఆ తీర్పు ఎంతో మంది తల్లులకు ఊరట. దస్తావేజు దారిలో వెళ్తే తల్లి రెండు హోదాల్లో సంతకం చేయాలి: ఇచ్చే తల్లిగా ఒకటి, తీసుకునే భర్తకు సమ్మతి తెలిపే భార్యగా ఒకటి. రెండు పక్షాల కింద రెండు చోట్ల ఆమె సంతకం కనిపించాలి.

తండ్రి బతికే ఉండి విడాకులు అయిన సందర్భంలో బిడ్డ కస్టడీ తల్లికి వచ్చినంత మాత్రాన తండ్రి సమ్మతి అవసరం పోదు. విడాకుల ఉత్తర్వు జత చేస్తే చాలనుకుని అతని సంతకం లేకుండా రాసిన దస్తావేజులు తర్వాత కొట్టుకుపోతాయి. మారుతండ్రికి ముందు పెళ్లి ద్వారా కొడుకు ఉంటే, 1956 చట్టం కింద మరో కొడుకును తీసుకోలేడు. మారుతల్లి విషయంలో 21 ఏళ్ల తేడా అడ్డొస్తుంది: 24 ఏళ్ల యువతి ఆరేళ్ల పిల్లవాడి తండ్రిని పెళ్లి చేసుకుంటే తేడా 18 ఏళ్లే. ఇలాంటి చోట్ల జువెనైల్ జస్టిస్ చట్టం దారి పనికొస్తుంది. దత్తత తల్లిదండ్రుల వయసుకు ఉండే మామూలు కొలమానాలు ఆ దారిలో మారుతల్లిదండ్రులకూ దగ్గరి బంధువులకూ వర్తించవు. సొంత పిల్లలు ఉన్నా అడ్డు లేదు. బిడ్డ కస్టడీ మీద కోర్టులో గొడవ నడుస్తుంటే మాత్రం అది తేలేదాకా దత్తత మొదలుపెట్టడానికి వీల్లేదు.

తండ్రి చనిపోయిన బిడ్డ విషయంలో ఒక జాగ్రత్త. తండ్రి మరణంతో బిడ్డకు వచ్చిన వాటా దత్తత తర్వాత కూడా బిడ్డదే. అందుకే దత్తతకు ముందే ఆ భూమి విరాసత్ బిడ్డ పేరున చేయించడం, రోడ్డు ప్రమాద పరిహారం కింద కోర్టు వేయించిన డిపాజిట్ల రసీదులు తీసి ఉంచుకోవడం మంచిది. దత్తత అయ్యాక ‘వాడు ఇప్పుడు వేరే ఇంటి బిడ్డ’ అని నానమ్మ వైపు వారు అడ్డుపడితే పని చాలా పెరుగుతుంది.

కలెక్టర్ దారి

2022 సెప్టెంబర్ 1 నుంచి జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. అంతకు ముందు కోర్టు ఇచ్చేది. అదే నెలలో కొత్త దత్తత నిబంధనలు వచ్చాయి. పాత పద్ధతి గుర్తున్నవాళ్లు ఇంకా కోర్టుకే వెళ్లమని చెబుతుంటారు, ఆ మాట నమ్మి నెలలు పోగొట్టుకోకూడదు.

ఈ చట్టంలో ‘బంధువు’ అంటే చిన్నాయన, పెద్దనాయన, మేనత్త, మేనమామ, చిన్నమ్మ, పెద్దమ్మ, నానమ్మ, అమ్మమ్మ, ఇద్దరు తాతలు మాత్రమే. పెద్దక్క తమ్ముణ్ణి, అన్న చెల్లెల్ని ఈ దారిలో తీసుకోలేరు. పెదనాన్న కూతురు, మేనమామ కొడుకు ఎంత దగ్గరి వారైనా ఈ జాబితాలో లేరు. ఒంటరి మగవాడు ఆడపిల్లను దత్తత తీసుకోవడం ఈ చట్టంలో కుదరదు.

పని కేంద్ర దత్తత వనరుల సంస్థ పోర్టల్‌లో నమోదుతో మొదలవుతుంది. మారుతల్లిదండ్రుల దత్తతలో కన్న తల్లి లేదా తండ్రి, తీసుకునేవారు ఇద్దరూ నమోదు కావాలి. ఆ తర్వాత జిల్లా బాలల పరిరక్షణ విభాగం, అందరూ డీసీపీయూ అనేది, కాగితాలు పరిశీలిస్తుంది. కన్నవాళ్ల సమ్మతి నిర్ణీత నమూనాలో ఉండాలి. వాళ్లు లేకపోతే బాలల సంక్షేమ సమితి అనుమతి కావాలి. బిడ్డకు ఐదేళ్లు దాటితే బిడ్డ సమ్మతి కూడా తీసుకుంటారు, కాబట్టి బిడ్డకు ముందే విషయం చెప్పి ఉండాలి. ఆఫీసులో మొదటిసారి ఆ మాట విన్న బిడ్డ ఏడుస్తుంది, ఫైలు ఆగుతుంది, అలా ఆగడమే న్యాయం. వీటికి తోడు పెళ్లి ధ్రువపత్రం, నివాస, ఆదాయ రుజువులు, వైద్యుడి ధ్రువపత్రం, ఆర్థిక, సామాజిక స్థితి మీద అఫిడవిట్ ఉండాలి. బంధుత్వం ఎలా కలుస్తుందో చూపే వంశవృక్షం ఒక పేజీలో గీసి, ప్రతి లంకెకూ ఒక ఆధారం జత చేస్తే అధికారి ప్రశ్నలు సగం తగ్గుతాయి. మేనమామ అని చెప్పినప్పుడు, బిడ్డ తల్లీ ఆ మేనమామా ఒకే తల్లిదండ్రుల పిల్లలని చూపే కాగితమే లేకపోవడం తరచూ ఎదురయ్యే కొరత. వాళ్లిద్దరి బడి టీసీలు దానికి బాగా పనికొస్తాయి.

బంధువుల దత్తతలో దరఖాస్తు బిడ్డ కన్నవాళ్లతో గానీ సంరక్షకులతో గానీ ఉంటున్న జిల్లాలో పెట్టాలి. బిడ్డ దేవరకొండలో ఉంటే, తీసుకునే చిన్నాయన కల్వకుర్తిలో ఉన్నా, ఫైలు నల్లగొండ కలెక్టర్ దగ్గరకు వెళ్తుంది. మారుతల్లిదండ్రులైతే తాము ఉంటున్న జిల్లాలో పెట్టాలి. దరఖాస్తు పడ్డాక రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకుని డీసీపీయూకు ఇస్తే వాళ్లు పోర్టల్‌లో ఎక్కిస్తారు. ఆ మెట్టు వదిలేస్తే రికార్డు సగంలో ఉండిపోతుంది.

పెద్దవాళ్లను దత్తత తీసుకోవచ్చా

పిల్లలు లేని వృద్ధ దంపతులు తమను చూసుకుంటున్న 30 ఏళ్ల మేనల్లుడిని ‘దత్తత’ తీసుకోవాలని అడగడం మామూలే. 18 దాటినవారికి జువెనైల్ జస్టిస్ చట్టంలో చోటు లేదు. 1956 చట్టంలో 15 దాటితే ఆచారం చూపాలి, పెళ్లయితే అందుకూ ఆచారం చూపాలి. ఆ ఆచారం చాలా కాలంగా, ఎడతెగకుండా, ఒకేలా పాటిస్తున్నదని సాక్ష్యంతో నిరూపించాలి. దస్తావేజులో ‘మా కులాచారం ప్రకారం’ అని ఒక మాట రాసినంత మాత్రాన చాలదు. ఇల్లరికం అల్లుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: ఇల్లరికం వచ్చినంత మాత్రాన అల్లుడు దత్తపుత్రుడు కాడు.

ఆస్తి అందించడమే ఉద్దేశమైతే వీలునామా సరిపోతుంది. రాసేవారు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, ఆ సాక్షులు కూడా సంతకం చేస్తే చాలు. స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే మంచిది. బతికుండగానే భూమి ఇవ్వదలిస్తే రిజిస్టర్డ్ దాన పత్రం రాసుకోవచ్చు. అందులో తమ బాగోగులు, తిండి, వైద్యం చూడాలన్న షరతును స్పష్టంగా రాసుకోవాలి. షరతు ఉంటేనే, అతను చూడని రోజున 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి ఆ పత్రాన్ని రద్దు కోరే వీలుంటుంది. షరతు నోటిమాటగానే ఉండిపోయిన వృద్ధులు ఆ రోజు చాలా నష్టపోతారు.

చిన్నప్పుడే దత్తత జరిగి, కాగితం మాత్రం లేకుండా బిడ్డ పెద్దయిన సందర్భం వేరు. అది పెద్దవాళ్ల దత్తత కాదు, పాత దత్తతకు ఇప్పుడు రుజువు కూర్చుకోవడం. దత్తత జరిగిన అసలు సంవత్సరాన్ని, ఆనాడు ఉన్నవాళ్లను పేర్కొంటూ కన్నవాళ్లు, పెంచినవాళ్లు కలిసి ఇప్పుడు ఒప్పుకోలు దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవచ్చు. కన్నవాళ్లు బతికి ఉండగా ఈ పని చేయడం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. దానితో పాటు మొదటి బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు, పాత రేషన్ కార్డు, శుభలేఖలో తల్లిదండ్రులుగా వేసిన పేర్లు కూడబెట్టాలి. వివాదం మొదలైతే సివిల్ కోర్టులో ప్రకటన దావా, అంటే దత్తత జరిగిందని కోర్టు చేత ప్రకటింపజేసుకునే దావా, తప్పదు.

దత్తత తర్వాత కాగితాల వరుస

మొదట మార్చాల్సింది జనన ధ్రువపత్రం. దాని మీద ఆధార్, దాని మీద బడి రికార్డు, ఆ తర్వాత కులం సర్టిఫికెట్. వరుస తప్పి ముందు ఆధార్ మారిస్తే ఇబ్బంది వస్తుంది, ఎందుకంటే ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒకేసారి మార్చుకునే వీలుంటుంది. తండాలో ఇంటి దగ్గర పుట్టి జననం నమోదే కాని బిడ్డలకు ముందు ఆలస్య నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, మన దగ్గర దానికి ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు సవరణలో దత్తత బిడ్డల నమోదు ప్రస్తావన కూడా చేరింది. బడి రికార్డులో తల్లిదండ్రుల పేర్ల మార్పు పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, పంపేలోపే పూర్తి కావాలి. మెమో వచ్చాక మార్పు చాలా కష్టం.

ఆస్తి మీద రెండు మాటలు ముందే తెలిసి ఉండాలి. దత్తత తీసుకున్నంత మాత్రాన పెంచినవాళ్లు తమ ఆస్తి అమ్ముకునే, వీలునామా రాసే హక్కు కోల్పోరు, అలా ఒప్పందం రాసుకుంటే తప్ప. కన్న ఇంటి వైపు, దత్తతకు ముందే బిడ్డకు దక్కిన ఆస్తి బిడ్డకే ఉంటుంది, కానీ ఉమ్మడి ఆస్తిలో వాటా అలా కాదు. దత్తతకు ముందు పంపకం జరిగి వాటా విడిగా చేతికి వస్తేనే అది నిలుస్తుందని, లేకపోతే కన్న ఇంటి ఉమ్మడి ఆస్తిలో హక్కు పోతుందని 2022 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. 1981 నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు దీనికి భిన్నంగా ఉండేది, దాన్ని నమ్ముకుని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తాత ముత్తాతల నాటి భూమి ఇంకా పంచుకోని ఇంటి నుంచి బిడ్డ దత్తత వెళ్తుంటే, బిడ్డకు వాటా ఇవ్వాలన్నది కన్నవాళ్ల ఉద్దేశమైతే, పంపకం దస్తావేజు తేదీ దత్తత తేదీ కంటే ముందు ఉండాలి.